పచ్చ సముద్ర తాబేళ్లు నిజంగా కోలుకున్నాయా?

క్లుప్తంగా: అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) జీవజాతులకు అంతరించే ముప్పు ఎంతో అంచనా వేసి రెడ్ లిస్ట్ తయారుచేస్తుంది. 2025 అక్టోబరులో పచ్చ సముద్ర తాబేలు ఆ జాబితాలో ‘ఎన్‌డేంజర్డ్’ (అంతరించే ముప్పు ఎక్కువగా ఉన్న) స్థాయి నుంచి ‘లీస్ట్ కన్సర్న్’ (ఆందోళన అతి తక్కువ)కు మారింది. మధ్యలో ఉన్న రెండు మెట్లను ఒక్కసారే దాటేసింది. వేట ఆపి, గుడ్లు పెట్టే తీరాలను కాపాడిన చోట్ల ఈ తాబేళ్లు పెరిగిన మాట నిజం. అయితే ఈ జీవి ఈడుకు రావడానికి రెండు, మూడు దశాబ్దాలు పడుతుంది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే. కాబట్టి ఇప్పుడు కనిపిస్తున్న పెరుగుదల చాలావరకు 1970లు, 80లలో తీసుకున్న నిర్ణయాల ఫలితం. వేడెక్కుతున్న ఇసుక ఇప్పుడు చేస్తున్న నష్టం ఇంకా లెక్కల్లోకి రాలేదు.

హోదా మారింది, చట్టాలు మారలేదు

అబుదాబీలో జరిగిన ఐయూసీఎన్ ప్రపంచ పరిరక్షణ మహాసభ సందర్భంగా ఈ మార్పును ప్రకటించారు. 1970ల నుంచి చూస్తే ప్రపంచం మొత్తం మీద పచ్చ తాబేళ్ల సంఖ్య సుమారు 28 శాతం పెరిగిందని అంచనా. 1980ల నుంచి ఎన్‌డేంజర్డ్ జాబితాలో ఉన్న జీవికి ఇది పెద్ద మలుపే.

ఇలాంటి వార్త వచ్చినప్పుడు రెండు అపోహలు పుడతాయి. తాబేలుకు ఇక ముప్పు లేదు కాబట్టి ఆంక్షలు సడలించవచ్చన్నది మొదటిది. శాస్త్రవేత్తలు తొందరపడి హోదా తగ్గించారన్నది రెండోది. రెండూ సరికాదు. రెడ్ లిస్ట్ అనేది శాస్త్రీయ అంచనా మాత్రమే, దానికి చట్టబలం లేదు. అంతర్జాతీయ వ్యాపారాన్ని అడ్డుకునే సైటిస్ ఒప్పందంలో సముద్ర తాబేళ్లన్నీ ఇప్పటికీ మొదటి అనుబంధంలోనే ఉన్నాయి. భారత్‌లో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్ వీటికి వర్తిస్తుంది. అమెరికా 2016లో ఈ జాతిని 11 ప్రాంతీయ సంతతులుగా విడదీసి, మూడింటిని ఎన్‌డేంజర్డ్‌గా, ఎనిమిదింటిని అంతకంటే ఒక మెట్టు తక్కువ ముప్పులో ఉన్నవిగా గుర్తించింది. అవేవీ ఈ ప్రకటనతో రద్దు కాలేదు.

రెడ్ లిస్ట్ దేన్ని కొలుస్తుంది?

అసలు గందరగోళం ఇక్కడే ఉంది. ఒక జాతి పూర్వవైభవంలో ఎంత మిగిలిందన్నది రెడ్ లిస్ట్ చూడదు. దగ్గరి కాలంలో పూర్తిగా అంతరించిపోయే అవకాశం ఎంత అన్నదే చూస్తుంది. అందుకు వాడే ప్రధాన కొలమానాల్లో ఒకటి, గత మూడు తరాల్లో సంఖ్య ఎంత తగ్గిందన్నది. తగ్గుదల 50 శాతం దాటితే ఎన్‌డేంజర్డ్. 2004లో చేసిన అంచనాలో, గుడ్లు పెట్టే ఆడ తాబేళ్లు మూడు తరాల్లో 48 నుంచి 67 శాతం దాకా తగ్గినట్లు తేలింది. అప్పటి హోదాకు ఆధారం అదే.

పచ్చ తాబేలు విషయంలో ఒక తరం అంటే దశాబ్దాలు. మూడు తరాలు కలిపితే సుమారు ఒక శతాబ్దం, కొన్నిచోట్ల అంతకు మించి. ఏళ్లు గడిచేకొద్దీ ఈ మూడు తరాల గడువు కూడా ముందుకు జరుగుతూ వస్తుంది. పాత కాలపు ఊచకోత మెల్లగా ఆ గడువు బయటికి పోతుంది. 28 శాతం అనే అంకెను కూడా ఈ సంగతి గుర్తుంచుకునే చదవాలి. అది 1970లతో పోల్చి చెప్పిన మాట. చాలా ప్రాంతాల్లో 1970లు అంటే తాబేళ్లు బాగా అడుగంటిన కాలం.

అంతకుముందు ఎన్ని ఉండేవో ఊహించడానికి కరీబియన్ చరిత్ర చాలు. 1503లో కొలంబస్ ఓడలు ఇప్పటి కేమన్ దీవుల పక్కగా వెళ్లినప్పుడు, చుట్టూ ఉన్న తాబేళ్లను చూసి ఆ దీవులకు తాబేళ్ల పేరే పెట్టారు. తర్వాతి మూడు శతాబ్దాల్లో అవి ఓడల్లో వెళ్లేవారికి నడిచే మాంసం నిల్వగా మారాయి. వెల్లకిలా తిప్పి పడేస్తే, తిండీ నీళ్లూ లేకుండా వారాల తరబడి ప్రాణంతో ఉండే జంతువు కావడమే దాని పాలిట శాపమైంది. ఆ తర్వాత లండన్ విందుల్లో తాబేలు సూప్ గొప్పింటి వంటకమైంది. పచ్చ రంగులో ఉండే దీని కొవ్వుకు అక్కడ ప్రత్యేకమైన గిరాకీ. 1800 ప్రాంతానికి కేమన్ దీవుల్లో తాబేళ్లు దాదాపు అయిపోయాయి. అక్కడి వేటగాళ్లు ముందు క్యూబా తీరానికి, తర్వాత నికరాగువా తీరానికి పడవలు నడిపారు. ఒకప్పుడు కరీబియన్‌లో కోట్ల సంఖ్యలో పచ్చ తాబేళ్లు ఉండేవన్నది పరిశోధకుల అంచనా. ఆ స్థాయితో పోలిస్తే ఇప్పటి పెరుగుదల చిన్నదే. అంతరించే ప్రమాదం తగ్గడం వేరు, పోయినవన్నీ తిరిగి రావడం వేరు. రెడ్ లిస్ట్ మొదటిదాన్నే చెబుతుంది.

ఆలస్యంగా ఎదిగే శరీరం

పచ్చ తాబేలు జీవితంలో ప్రతి దశా నెమ్మదిగానే సాగుతుంది. గుడ్డులోంచి బయటపడినప్పుడు పిల్ల పొడవు సుమారు 5 సెంటీమీటర్లు, బరువు 25 గ్రాములు. ఇసుకలోంచి పైకొచ్చి, రాత్రివేళ వెలుతురు ఎక్కువగా కనిపించే దిక్కుకు పరుగెడుతుంది. మామూలుగా అయితే అది సముద్రం దిక్కు. తీరం వెంట హోటళ్లు, వీధి దీపాలు ఉంటే దారి తప్పి రోడ్డెక్కుతుంది. నీళ్లలోకి దిగాక అలలకు ఎదురీదుతూ లోతు సముద్రానికి చేరి, అక్కడ తేలియాడే నాచు మధ్య కొన్నేళ్లు గడుపుతుంది. దొరికిన చిన్న జీవులనల్లా తింటుంది. ఈ దశలో వాటి జాడ పట్టుకోవడం చాలా కష్టం. ఉపగ్రహ ట్రాన్స్‌మీటర్లు బాగా చిన్నవయ్యాకే కొంతైనా తెలుస్తోంది.

అడుగు పొడవు దాటాక తీరప్రాంతపు లోతు తక్కువ నీళ్లకు తిరిగొచ్చి ఆహారం మార్చుకుంటుంది. సముద్ర తాబేళ్లలో పెద్దయ్యాక ప్రధానంగా శాకాహారం మీద బతికేది ఇదొక్కటే. రంపపు పళ్లలాంటి అంచున్న దవడతో సముద్రపు గడ్డిని, నాచును కోసుకు తింటుంది. పీచును పులియబెట్టి జీర్ణం చేసే సూక్ష్మజీవులు దాని పేగుల్లో ఉంటాయి. ఈ మేతలో పోషకాలు తక్కువ. అది ఆలస్యంగా ఎదగడానికి ఇదొక ముఖ్య కారణం. చాలాచోట్ల ఈడుకు వచ్చేసరికి వయసు 25 ఏళ్లు దాటుతుంది, కొన్నిచోట్ల 40కి కూడా చేరుతుంది. అప్పటికి డిప్ప పొడవు మీటరు వరకు, బరువు 110 నుంచి 190 కిలోల దాకా ఉంటుంది.

గుడ్లు పెట్టడానికి కూడా ఆడ తాబేలు ఏటా రాదు. రెండు నుంచి ఐదేళ్ల పాటు మేసి కొవ్వు నిల్వ చేసుకుంటే తప్ప ఆ ప్రయాణం సాగదు. బ్రెజిల్ తీరంలో మేసే తాబేళ్లు అట్లాంటిక్ నడిమధ్యలో ఉన్న అసెన్షన్ దీవి వరకు, అంటే రెండు వేల కిలోమీటర్లకు పైగా ఈదుకుంటూ వెళ్లి గుడ్లు పెడతాయి. తాము పుట్టిన ప్రాంతానికే అవి తిరిగి రావడానికి భూ అయస్కాంత క్షేత్రం సాయపడుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఒక సీజన్‌లో సుమారు రెండు వారాల ఎడంతో మూడు నుంచి ఐదు సార్లు, ఒక్కోసారి వందకు పైగా గుడ్లు పెడుతుంది. రెండు నెలల్లో పిల్లలు బయటికొస్తాయి. వాటిలో పెద్దయ్యేదాకా బతికేవి వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. అందుకే ఈ జాతి భవిష్యత్తుకు ఒక ముసలి ఆడ తాబేలు విలువ కొన్ని వేల గుడ్లతో సమానం. గుడ్లను మాత్రమే కాపాడి, పెద్ద తాబేళ్లు వలల్లో చనిపోతుంటే చూస్తూ ఊరుకున్న పథకాలు ఫలితమివ్వకపోవడానికి కారణం ఇదే.

వేట ఆగిన తీరాలు, ఆగని తీరాలు

హవాయి ఉదాహరణ అన్నిటికంటే స్పష్టంగా ఉంటుంది. అక్కడి పచ్చ తాబేళ్లలో 90 శాతానికి పైగా ఫ్రెంచ్ ఫ్రిగేట్ షోల్స్ అనే పగడపు దిబ్బల మీదే గుడ్లు పెడతాయి. 1973లో లెక్క మొదలుపెట్టినప్పుడు, అందులో ముఖ్యమైన ఈస్ట్ ఐలాండ్ మీద కనిపించిన ఆడ తాబేళ్లు 67 మాత్రమే. 1974లో రాష్ట్ర నిబంధనలు, 1978లో అమెరికా జాతీయ చట్టం వేటను అడ్డుకున్నాయి. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఏటా సగటున ఐదు శాతం చొప్పున పెరుగుతూ వచ్చాయి. అసెన్షన్ దీవిలో 1970ల చివరితో పోలిస్తే గూళ్లు, అంటే ఇసుకలో తవ్వి గుడ్లు పెట్టే గుంతలు, ఆరు రెట్లయ్యాయి. మెక్సికోలో 1990లో తాబేళ్ల వేటను నిషేధించారు. అంతకుముందు నుంచే మిచోవకాన్ రాష్ట్రంలోని కొలోలా తీరంలో నాహువా ఆదివాసీ గ్రామస్థులు గూళ్లకు కాపలా కాస్తున్నారు. ఒకప్పుడు గుడ్లు ఏరుకుని అమ్మిన ఊళ్లే కాపలాకు దిగడం అక్కడి విజయానికి మూలం. ఫ్లోరిడాలో 1980ల చివర్లో గూళ్లు వందల్లో ఉండేవి, 2023లో 76 వేలు దాటాయి.

ఫ్లోరిడా లెక్కతో ఒక జాగ్రత్త కూడా అవసరం. అక్కడ ఒక ఏడాది గూళ్లు విపరీతంగా పెరిగితే మరుసటి ఏడాది ఒక్కసారిగా పడిపోతాయి. 2023లో రికార్డు వస్తే 2024లో బాగా తగ్గాయి. తాబేళ్లు చనిపోయాయని దీనర్థం కాదు. ఒక ఏడాది గుడ్లు పెట్టిన ఆడవి మరుసటి ఏడాది మేతలో ఉండిపోతాయి, అంతే. ఒక్క ఏడాది అంకె చూసి పండగ చేసుకోవడం, బెంబేలెత్తడం రెండూ అనవసరం. ఐదు, పదేళ్ల సగటునే నమ్మాలి.

కోస్టారికాలోని టోర్టుగెరో కథ ఇంకోలా ఉంది. అమెరికన్ జీవశాస్త్రవేత్త ఆర్చీ కార్ 1950లలో అక్కడ పరిశోధన మొదలుపెట్టారు. సముద్ర తాబేళ్ల మీద ప్రపంచంలోకెల్లా ఎక్కువ కాలంగా నడుస్తున్న అధ్యయనాల్లో అదొకటి. 1970లలో ఆ తీరం జాతీయ పార్కు అయింది, గూళ్లు చాలాకాలం పెరుగుతూ వచ్చాయి. ఇటీవలి ఏళ్లలో మాత్రం మళ్లీ తగ్గుతున్నాయి. గుడ్లు పెట్టే తీరానికి కాపలా ఉన్నా, అవే తాబేళ్లు మేసే నికరాగువా తీరంలో వేట ఏటా వేలల్లో సాగింది. తీరప్రాంత ప్రజలకు అక్కడ అది తరతరాల ఆహారం, ఆదాయం కూడా. రెండు దేశాల మధ్య తిరిగే జీవిని ఒక్క దేశం కాపాడలేదని ఇంతకంటే తేటగా చెప్పే ఉదాహరణ మరొకటి దొరకడం కష్టం.

గూళ్ల లెక్కలో కనిపించనిది

పైన చెప్పిన అంకెలన్నీ ఒకే పద్ధతిలో వచ్చినవి. తీరం మీద గూళ్లను, లేదా గుడ్లు పెట్టడానికి వచ్చిన ఆడ తాబేళ్లను లెక్కించడం. ఇది చవకైన పద్ధతి, నమ్మదగినది కూడా. కానీ ఇందులో మగ తాబేళ్లు ఉండవు. హవాయిలాంటి కొద్దిచోట్ల ఎండ కాచుకోవడానికి ఒడ్డుకొస్తాయి గానీ, మిగతా ప్రపంచంలో మగ తాబేలు పుట్టిన రోజు తర్వాత నేల మీద అడుగుపెట్టదు.

ఇక్కడ ఉష్ణోగ్రత సంగతి వస్తుంది. పచ్చ తాబేలు ఆడదా మగదా అన్నది క్రోమోజోములు తేల్చవు, గూటిలోని వేడి తేలుస్తుంది. పొదుగు కాలంలో మధ్య మూడో వంతు కీలకం. ఇసుక సుమారు 29 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే ఆడ, మగ కలిసి పుడతాయి. రెండు డిగ్రీలు పెరిగితే దాదాపు అన్నీ ఆడవే. వేడి ఇంకా పెరిగి 33, 34 డిగ్రీలు దాటితే పిండాలే చనిపోవడం మొదలవుతుంది.

ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌లో దీని ప్రభావం ఎంతో 2018లో వెలువడిన ఒక అధ్యయనం చూపించింది. చిన్న వయసు తాబేళ్లను బయటి నుంచి చూసి ఆడో మగో చెప్పలేం. అందుకని పరిశోధకులు మేత ప్రాంతంలోని తాబేళ్ల రక్తంలో హార్మోన్లను పరీక్షించి, ఏ తాబేలు ఏ తీరంలో పుట్టిందో జన్యువుల ద్వారా గుర్తించారు. ఉత్తరాదిన వెచ్చని తీరాల్లో పుట్టిన పిల్ల తాబేళ్లలో 99.1 శాతం ఆడవి. పెద్దవాటిలో మాత్రం 86.8 శాతం. దక్షిణాన కాస్త చల్లని తీరాల నుంచి వచ్చినవాటిలో ఆడవి 65 నుంచి 69 శాతం మధ్యే ఉన్నాయి. పెద్దవాటికీ చిన్నవాటికీ మధ్య ఉన్న ఆ తేడా చూస్తే, దశాబ్దాలుగా ఇసుక వేడెక్కుతూ వచ్చిన క్రమం అర్థమవుతుంది.

దీనిలో మరో చిక్కు ఉంది, అది తక్కువగా చర్చకు వస్తుంది. ఆడ పిల్లలు ఎక్కువగా పుడితే, ముప్పై ఏళ్ల తర్వాత తీరానికి వచ్చే ఆడ తాబేళ్లు పెరుగుతాయి. అంటే గూళ్ల లెక్క పెరుగుతుంది. జాతి సమతూకం దెబ్బతింటున్న కాలంలో కూడా, కొంతకాలం పాటు గణాంకాలు మెరుగవుతున్నట్లే కనిపిస్తాయి. మగవి మరీ అరుదైపోయి, గుడ్లు ఫలదీకరణ చెందకుండా మిగిలిపోతున్నప్పుడే లెక్కలో తేడా తెలుస్తుంది. అప్పటికి సరిదిద్దే సమయం మిగలకపోవచ్చు. ఇప్పుడు పెరిగిన గూళ్లకు ఇదే కారణమని చెప్పడం తప్పు, వేట ఆగడమే ప్రధాన కారణం. గూళ్ల లెక్క ఒక్కదాన్నే నమ్ముకుంటే ముప్పు కనబడదన్నదే ఇక్కడి విషయం.

ఊరటనిచ్చే అంశాలూ లేకపోలేదు. మగ తాబేళ్లు ఆడవాటి కంటే తరచుగా జత కడతాయి. ఒక్క మగది ఒకే సీజన్‌లో పలు ఆడవాటితో జత కట్టగలదు. కాబట్టి మగవి కొంత తక్కువైనంత మాత్రాన ప్రమాదం ముంచుకురాదు. కొన్ని తీరాల్లో చెట్ల నీడ, లేత రంగు ఇసుక, వానలు గూళ్లను చల్లగా ఉంచుతాయి. నీడ కల్పించడం, నీళ్లు చల్లడం వంటి ప్రయోగాలు కూడా జరుగుతున్నాయి. అవి చిన్న తీరాలకు సరిపోతాయి గానీ, వేల గూళ్లుండే చోట ఆ పని ఆచరణలో కుదరదు.

రైన్ ద్వీపం: వచ్చేవి ఎక్కువ, పుట్టేవి తక్కువ

గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర కొసన ఉన్న రైన్ ద్వీపం ప్రపంచంలోనే అతి పెద్ద పచ్చ తాబేళ్ల గుడ్ల స్థావరం. మంచి సీజన్‌లో ఆ చుట్టుపక్కలకు దాదాపు 60 వేల ఆడ తాబేళ్లు చేరతాయి. ఆ సంఖ్య విన్నవారెవరైనా అక్కడ అంతా బాగుందనుకుంటారు. కానీ ద్వీపం ఎత్తు తక్కువ. పెద్ద అలలకు గూళ్లలోకి నీరు చేరి గుడ్లు కుళ్లిపోతుంటే, బతికి బయటికొచ్చే పిల్లలు బాగా తగ్గాయి. గుడ్లు పెట్టి వెనుదిరిగే పెద్ద తాబేళ్లు చిన్న రాతి గట్ల మీంచి పడి, వెల్లకిలా ఇరుక్కుని ఎండకు చనిపోయేవి. 2014 నుంచి యంత్రాలతో ఇసుక తరలించి తీరాన్ని ఎత్తు చేశారు, గట్ల అంచున కంచెలు వేశారు. ఎత్తు చేసిన చోట గూళ్లు మునగడం తగ్గింది.

హవాయికి కూడా ఇదే సమస్య మరో రూపంలో వచ్చింది. 2018 అక్టోబరులో వలాకా తుపాను ఒక్క దెబ్బతో ఈస్ట్ ఐలాండ్‌లో చాలా భాగాన్ని తుడిచిపెట్టింది. తాబేళ్లు పక్కనున్న టర్న్ ఐలాండ్‌కు మళ్లాయి. అక్కడ పాడుబడిన పాత కట్టడాల మధ్య అవి చిక్కుకుపోవడం మరో తలనొప్పి. ఒకే చోట గుడ్లు పెట్టే సంతతి ఎంత పెరిగినా, దానికి ఈ బలహీనత తప్పదు.

మేసేవి తిరిగొచ్చినప్పుడు గడ్డికి ఏమవుతుంది?

మితంగా మేస్తే సముద్రపు గడ్డికి మేలే. తాబేళ్లు ఒకే చోట పదే పదే కొరుకుతూ, పోషకాలు ఎక్కువగా ఉండే లేత చిగుళ్లను రప్పించుకుంటాయి. అయితే తాబేళ్లను తినే టైగర్ సొరచేపలు తగ్గి, గడ్డి మైదానాలు కూడా కుంచించుకుపోయిన చోట లెక్క తప్పుతుంది. బెర్ముడాలో తాబేళ్ల మేత వల్ల గడ్డి మైదానాలు కుప్పకూలాయి. ఇండోనేసియాలోని దెరవన్ దీవుల దగ్గర తాబేళ్లు ఆకులు అయిపోయాక వేళ్లను కూడా తవ్వి తినడం పరిశోధకులు గమనించారు.

లక్షద్వీప్‌లో ఇది మనుషుల గొడవగా కూడా మారింది. 2000 తర్వాత అగట్టి దీవిని ఆనుకున్న ఉప్పునీటి సరస్సులో (లగూన్) పచ్చ తాబేళ్లు బాగా పెరిగాయి. గడ్డి అయిపోయాక అవి కడ్మత్ వంటి ఇతర దీవులకు మళ్లాయి. గడ్డిలో పెరిగే చేపలు తగ్గడంతో, అక్కడి మత్స్యకారులు తమ నష్టానికి తాబేళ్లే కారణమని చెప్పసాగారు. పరిశోధనలు కూడా వారి మాటను చాలావరకు సమర్థించాయి. వారిని అవగాహన లేనివారిగా కొట్టిపారేయడం అన్యాయం. సంరక్షణ విజయవంతమైతే దాని ఖర్చు భరించేది ఒక్కోసారి తీరంలో బతికే పేదవారే. పరిహారం గురించి, సొరచేపల రక్షణ గురించి మాట్లాడకుండా తాబేళ్ల గురించి మాత్రమే మాట్లాడితే సంరక్షణకు స్థానికుల మద్దతు ఎంతోకాలం నిలవదు.

వలలు, దీపాలు

నేరుగా వేట తగ్గిన చోట ఇప్పుడు పెద్ద ముప్పు చేపల వలలదే. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి. వలలో చిక్కి పైకి రాలేకపోతే మునిగి చనిపోతుంది. రొయ్యల ట్రాలర్ల కోసం టెడ్ అనే పరికరం వచ్చింది. వల మధ్యలో ఏటవాలుగా బిగించిన ఇనుప చట్రం అది. రొయ్యలు కమ్మీల సందుల్లోంచి లోపలికి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పక్కనున్న తెరిచిన భాగంలోంచి బయటపడుతుంది. అమెరికా 1987లో దీన్ని తప్పనిసరి చేసి, తర్వాత టెడ్ వాడని దేశాల రొయ్యల దిగుమతిని అడ్డుకుంది. భారత్, మలేసియా, పాకిస్థాన్, థాయ్‌లాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేశాయి. తాబేళ్లను కాపాడాలన్న లక్ష్యం సమంజసమే అయినా, దేశాల మధ్య వివక్ష చూపిన తీరు తప్పని 1998లో తీర్పు వచ్చింది.

పచ్చ తాబేళ్లకు ట్రాలర్ల కంటే తీరానికి దగ్గరగా చిన్న పడవల నుంచి వేసే గిల్‌నెట్లతో (నీళ్లలో తెరలా వేలాడే వలలతో) ఎక్కువ చిక్కు, ఎందుకంటే అవి మేసేది అక్కడే. వాటికి టెడ్ లాంటి ఇనుప చట్రం పనికిరాదు. పెరూలోని సెచురా అఖాతంలో వలలకు ఆకుపచ్చ ఎల్ఈడీ దీపాలు కట్టి చూస్తే, చిక్కుకునే పచ్చ తాబేళ్లు దాదాపు 64 శాతం తగ్గాయి. పడిన చేపల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఖర్చు, బ్యాటరీలు, రోజూ దీపాలు కట్టే శ్రమ చిన్న పడవ యజమానికి భారమే. ఆ భారం ఎవరు మోయాలన్నది తేలకపోతే ఈ పద్ధతి ప్రయోగాల దగ్గరే ఆగిపోతుంది.

హోదా మారడం వల్ల కలిగే అసలు ఇబ్బంది కూడా నిధుల దగ్గరే మొదలయ్యే అవకాశం ఉంది. దాతలు, ప్రభుత్వాలు సాధారణంగా ఎక్కువ ముప్పున్న జాతుల వైపే మొగ్గుతారు. కాపలాదారుల జీతాలు, ఏటా జరిగే లెక్కింపు, ఇసుక ఉష్ణోగ్రత నమోదు లాంటి పనులకు ముందు కోత పడుతుంది. ఇప్పటిదాకా గూళ్లను మాత్రమే లెక్కించిన తీరాల్లో, మేత ప్రాంతాల్లోని పిల్ల తాబేళ్లలో ఆడ, మగ నిష్పత్తిని కూడా కొలవడం ఇప్పుడు తక్షణ అవసరం. ఆ పనికి రక్తపరీక్షలు, పడవలు, శిక్షణ పొందిన మనుషులు కావాలి. గూళ్ల లెక్కింపు కంటే ఖర్చు ఎక్కువే. అయినా వచ్చే ముప్పై ఏళ్లలో ఏం జరగబోతోందో ముందుగా చెప్పగలిగే లెక్క ప్రస్తుతానికి అదొక్కటే.